తోర్వాల్డు సమాధికి ఒక రాయి

ఆ ఏడాది అక్టోబరులో మార్కేసా చచ్చిపోకపోతే తోర్వాల్డు బంగారు గని ఎక్కడుందో పాలో సెకోలో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడైనా తెలిసింది ఇద్దరికే. ఆ ఇద్దరూ నోరు విప్పరు.

మార్కేసా అంటే ఏ దొరసానో అనుకునేరు. అది కంచరగాడిద. పేరు పెట్టింది లియాండ్రో, మేపింది అతని భార్య డెల్ఫీనా. ఆ ఇంట్లో చాలా పనులు ఈ పద్ధతిలోనే జరిగేవి.

పాలో సెకో అరిజోనా ఎడారిలో, ఎస్పినాసో కొండల కింద ఉన్న ఊరు. గొడ్లు మేపుకునే కొన్ని కుటుంబాలు, ఒక చర్చి, ఒక సారా కొట్టు. వీటి కోసం పైవాళ్ళెవరూ రారు. వచ్చేదంతా తోర్వాల్డు కోసమే. అరవై ఏళ్ళ కిందట తోర్వాల్డు అనే నార్వే ముసలాయన ఆ కొండల్లో ఒంటరిగా తిరుగుతుండేవాడు. అప్పుడప్పుడూ ఊళ్ళోకి వచ్చి, బంగారు చారలున్న తెల్లరాళ్ళు ఇచ్చి, పిండీ పొగాకూ కొనుక్కుపోయేవాడు. గని ఎక్కడయ్యా అంటే నవ్వి ఊరుకునేవాడు. ఒక జూన్ నెలలో కొండ కనుమ దగ్గర ఎండదెబ్బకు పడిపోయాడు. తప్పిపోయిన గొడ్ల కోసం వెళ్ళిన ముగ్గురు కుర్రాళ్ళు చూసేసరికి కొనఊపిరితో ఉన్నాడు. ఏదో అన్నాడు. తన భాషలో అన్నాడు. ఆ మాటకు ఊళ్ళో ఇప్పటికి నాలుగు అర్థాలున్నాయి, ఒక్కో అర్థానికి ఒక్కో పటం ఉంది, నాలుగు పటాలూ సారా కొట్టులో దొరుకుతాయి.

కుర్రాళ్ళు ఆయన్ని అక్కడే పాతిపెట్టి, నక్కలు పీక్కుతినకుండా పైన రాళ్ళు పేర్చారు. దాంతో ఒక ఆచారం పుట్టింది. గని వెతకడానికి కొండెక్కే ప్రతివాడూ కనుమ దగ్గర ఆగి, సమాధి మీద ఒక రాయి పెట్టి, టోపీ తీసి, ముసలాయన దగ్గర సెలవు తీసుకుని మరీ అవతలికి దిగాలి. రాయి ఎంత పెద్దదైతే ఆయనకు అంత ప్రీతి. అరవై ఏళ్ళలో ఆశపడ్డవాళ్ళకు కొదవ లేదు కాబట్టి ఆ సమాధి పెరిగి పెరిగి, గుర్రం మీద కూర్చున్నవాడు కూడా దాని అవతల ఏముందో చూడలేనంత అయింది.

అందులో అందరికంటే పెద్ద రాళ్ళు లియాండ్రోవి. ముప్పై ఏళ్ళుగా, ఎండలు తగ్గి, నవంబరు మొదట్లో వచ్చే చనిపోయినవాళ్ళ పండుగ వెళ్ళగానే, అతను పిండీ చిక్కుడు గింజలూ కాఫీ పొడీ సుత్తీ గాడిదల మీదకెత్తి కొండల్లోకి పోయేవాడు. క్రిస్మస్ నాటికి గడ్డం మాసిపోయి, బుగ్గలు లోపలికిపోయి తిరిగివచ్చేవాడు. "ఈసారి చాలా దగ్గరికి వెళ్ళానే ముసలీ" అనేవాడు. ముప్పై ఏళ్ళపాటు దగ్గరికే వెళ్తున్న మనిషి మొదట ఎంత దూరం నుంచి బయల్దేరాడో డెల్ఫీనాకు అర్థమయ్యేది కాదు. ఆమె మాత్రం ఊరి బయట కొట్టంలో కంచరగాడిదల్ని పెంచి, పై ఊళ్ళనుంచి వచ్చే గని వేటగాళ్ళకు అద్దెకిచ్చి ఇల్లు నడిపేది. పిచ్చి మీద బతకడంలో ఆమెకు సిగ్గేమీ లేదు. ఆ పిచ్చి తన ఇంట్లోనే మంచం వేసుకుని ఉండటమే ఆమె బాధ.

లియాండ్రోకి ఊళ్ళో మర్యాద తక్కువేం కాదు. పదేళ్ళ కిందట ఎక్కడివాళ్ళో ఇద్దరు జీపులో పారలూ గునపాలూ వేసుకొచ్చారు. ముసలాయన బూటులో పటం పెట్టుకుని చచ్చాడని, సమాధి తవ్వుతామని అన్నారు. లియాండ్రో తుపాకీ పట్టుకుని రాళ్ళ గుట్టెక్కి కూర్చున్నాడు. వాళ్ళు తోక ముడిచేదాకా దిగలేదు. ఆ రోజు అతనన్న మాటను ఊరివాళ్ళు చెక్క మీద రాయించి కనుమ దగ్గర పాతారు. "బంగారం కోసం సమాధిని ముట్టుకునేవాడు మనిషి కాడు." కింద లియాండ్రో పేరు. అప్పటినుంచి సమాధికి అతనే కాపలాదారు. ఏటా పండుగకు అక్కడి సిలువకూ ఆ చెక్కకూ సున్నం కొట్టడం అతని వంతు. అంటే డెల్ఫీనా వంతు.

ఈ ఏడు సంగతి వేరు. వేసవిలో లియాండ్రో బావి దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. డాక్టరు చెవులకు గొట్టం తగిలించుకుని చాలాసేపు విన్నాడు. మెట్లు కూడా చూసుకుని ఎక్కమన్నాడు. కొండ ఎక్కితే మాత్రం గాడిద మీద అడ్డంగా వేసి తీసుకురావాల్సి ఉంటుందని డెల్ఫీనాతో విడిగా చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది, తిట్టింది, సుత్తి దాచింది.

"ఈ ఒక్కసారే," అన్నాడు లియాండ్రో. "ఉత్తరం వైపు లోయ ఒక్కటే మిగిలింది. అక్కడ లేకపోతే ఇంకెక్కడా లేదు."

"ఉత్తరం లోయ నాలుగేళ్ళ కిందట అయిపోయిందన్నావ్."

"అప్పుడు కుడి పక్కన చూశా."

"ఎడమ పక్కన నీ గుండె ఉంది ముసలాయనా. అది చూసుకో ముందు."

అతను చెవిన వేసుకోలేదు. పండుగ మర్నాడు బయల్దేరడం ఖాయమన్నాడు. డెల్ఫీనాకు కావలసింది ఒక్కటే, ఆ మనిషి కొండెక్కకుండా ఉండటం. అందుకు ఏ దేవుడికి మొక్కాలో ఆమెకు తెలియలేదు. తెలిసిన దేవుళ్ళందరినీ గత ముప్పై ఏళ్ళలో ఒకసారి విసిగించి ఉంది.

సరిగ్గా అప్పుడే మార్కేసా చచ్చిపోయింది. ముసలిదై, కొట్టంలో నిలుచున్నచోటే ఒరిగిపోయింది. ఆ ఊళ్ళో గాడిద చస్తే తాడు కట్టి వాగులోకి ఈడ్చేస్తారు. డెల్ఫీనాకు మనసొప్పలేదు. దారి తప్పిన లియాండ్రోని రెండుసార్లు వీపు మీద వేసుకుని ఇల్లు చేర్చింది ఆ జీవమే. ముసుగు కట్టుకుని గునపం పట్టింది. జానెడు మట్టి లేచింది. దాని కింద కలీచే తగిలింది. కలీచే అంటే ఆ ఎడారిలో భూమి తనకు తాను వేసుకున్న గచ్చు. పొద్దెక్కేసరికి గునపం పిడి విరిగింది, గొయ్యి మాత్రం కోడి పడుకునేంత కూడా కాలేదు.

లియాండ్రో గడప మీద కూర్చుని చూస్తున్నాడు. "డైనమైటు కావాలి దానికి. అక్టోబరులోనే ఇలా ఉంటే జూన్‌లో అయితే నిప్పులు రాలతాయి."

ఆ మాట డెల్ఫీనా బుర్రలో ముల్లులా దిగబడిపోయింది. చేతిలో విరిగిన పిడి అలాగే ఉంది. జూన్.

ఆమె తండ్రి సెవేరో తోర్వాల్డుని పాతిపెట్టిన ఆ ముగ్గురు కుర్రాళ్ళలో ఒకడు, ఇప్పుడు మిగిలింది అతనొక్కడే. ఎనభై దాటాయి. వాళ్ళింటి ముందు పందిరి కింద కూర్చుని మొక్కజొన్న పొట్టులో పొగాకు చుట్టుకుంటూ, వచ్చినవాళ్ళకు తోర్వాల్డు చావు కథ చెప్పి గుక్కెడు సారా పుచ్చుకోవడమే అతని ఉద్యోగం. కథ ఎప్పుడూ ముసలాయన చివరి మాట దగ్గర ఆగేది. వినేవాళ్ళకు కావలసింది అదే. ఆ తర్వాత ఏం జరిగిందని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

"నాన్నా, తోర్వాల్డుని పాతిపెట్టింది జూన్‌లోనే కదా?"

"నడి జూన్. పాదిరీ వస్తాడని ఒక రోజంతా కాచుకున్నాం. ఆయనా రాలేదు, నీడా రాలేదు."

"గొయ్యి ఎవరు తవ్వారు?"

సెవేరో పొగ వదిలి కూతురి వైపు చూశాడు. "ఇన్నేళ్ళుగా చెప్తున్నానా, ఆ ప్రశ్న అడిగిన మొదటిదానివి నువ్వే అమ్మాయ్."

"అడిగాగా, చెప్పు మరి."

"ఎవరూ తవ్వలేదు. ఉంది."

"ఉందంటే?"

"ఉందంటే ఉంది. నిలువెత్తు గొయ్యి, ఆయన పడ్డచోటికి పక్కనే. మా చేతుల్లో పార కూడా లేదు. దేవుడే చూపించాడని దండం పెట్టుకున్నాం."

"మరి అది ఎవరు తవ్వుంటారు?"

"ఇంకెవరు, ఆయనే. నీళ్ళ కోసం తవ్వుకుని ఉంటాడు."

"కనుమ మీద నీళ్ళా నాన్నా? అక్కడ గద్ద కూడా వాలదు."

"పరాయి దేశంవాడు. వాళ్ళకేం తెలుస్తుంది పాపం."

డెల్ఫీనా అతని పక్కన బల్ల మీద కూర్చుంది. "దేంతో పూడ్చారు?"

"గొయ్యి అంచునే రాళ్ళు పోగేసి ఉన్నాయి. తెల్లరాళ్ళు. శుభ్రంగా ఉన్నాయి, సమాధికి అందంగా ఉంటాయని మాతో ఉన్న మీ రోకే మావయ్య అన్నాడు. అవన్నీ లోపలికి తోసేసి, పైన నల్లరాళ్ళు పేర్చాం."

"ఆ తెల్లరాళ్ళని తిప్పి చూశారా ఎవరైనా?"

"శవం వాసన కొడుతుంటే ముక్కుకి గుడ్డ కట్టుకుని రాళ్ళ అందం చూస్తారా ఎవరైనా? అయినా ఇదంతా ఇప్పుడెందుకు?"

"మార్కేసాని పాతిపెట్టాలి."

"వాగులో పడెయ్యవే. గద్దలు మాత్రం బతకొద్దూ?"

ఆమె కొట్టం వెనక్కి వెళ్ళి, ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అరవై ఏళ్ళుగా ఊరు ఊరంతా గనిని వెతకడానికి పోతూ, పోయేముందు ఒక్కొక్కడూ ఒక్కో రాయి తెచ్చి ఆ గని నోటికే పెట్టాడు. ఊళ్ళో ఏ ఇద్దరికీ ఏ విషయంలోనూ పడదు గానీ, గని కనుమకు అవతల ఎక్కడో ఉందన్న ఒక్క మాట మీద మాత్రం అందరిదీ ఒకటే గొంతు. సెలవు తీసుకుని బయల్దేరే చోట గని ఎందుకుంటుంది?

మార్కేసా మీద ఆమె రాళ్ళు పేర్చింది. గొయ్యి లేకపోతే ఇంతకంటే ఎవరికీ దారి లేదు.

తర్వాత రెండు రోజులకు, సిలువకు సున్నం కొట్టి వస్తానని చెప్పి కనుమకు ఒక్కతే వెళ్ళింది. లియాండ్రో వస్తానన్నాడు, ఆమె గట్టిగా కసిరింది. గుట్టకు దిగువ పక్కన, సమాధి అంచులో, ఒక్కొక్క రాయే లాగి పక్కన పెట్టింది. కొన్నింటిని గాడిదకు కట్టి లాగించింది. నీడ అటు నుంచి ఇటు తిరిగాక నల్లరాళ్ళ అడుగున తెల్లగా కనిపించింది. చెయ్యి పెట్టి, పిడికిట్లో పట్టేంత రాయి ఒకటి బయటికి తీసింది. మట్టి తుడిచింది. వెంట్రుకల్లాంటి పసుపు చారలు, ఒక మూల గోరంత ముద్ద.

సంతోషం కలగలేదామెకు. భయం కలిగింది. ఈ రాయి చూపిస్తే లియాండ్రో కొండెక్కడు, అది నిజం. కానీ ముప్పై ఏళ్ళు తన చేతులతో తన అదృష్టం మీద తనే బండలెత్తాడని, గుండె జబ్బు మనిషితో ఎలా చెప్పాలి? చెప్పకపోతే ఉత్తరం లోయలో ఎడమ పక్కన పోతాడు. చెబితే ఇక్కడే పోతాడేమో. రాళ్ళు మళ్ళీ సర్ది, తెల్లరాయి ఏప్రన్ జేబులో వేసుకుని, మర్చిపోయిన సున్నం పని కూడా ముగించుకుని ఇంటికి వచ్చింది.

పండుగ రోజు ఇద్దరూ కలిసి, అతను గాడిద మీద, ఆమె పక్కన నడుస్తూ, కనుమకు వెళ్ళారు. ఊరివాళ్ళు పొద్దున్నే వచ్చి బంతిపూలూ తియ్యరొట్టే పెట్టి వెళ్ళిపోయారు. లియాండ్రో ఈ ఏటి రాయి ఎంచుకున్నాడు. ఆఖరుసారి గనక అన్నిటికంటే పెద్దది. రెండు చేతులా పొట్టకు ఆనించుకుని ఎత్తబోయాడు, మొహం కందిపోయింది.

"దించు," అంది డెల్ఫీనా.

"సెలవు తీసుకోవాలిగా."

"దించమన్నానా! ముందు ఇది చూడు."

అతను రాయి దించి, ఆమె చేతిలోది తీసుకున్నాడు. ఎండకు పెట్టి చూశాడు. నాలుకతో తడిపి మళ్ళీ చూశాడు.

"ఎక్కడిదిది?"

"నువ్వు నిలుచున్నచోటిది."

"ఎగతాళి చెయ్యకు ముసలీ."

"ఎగతాళి నేనెందుకు చేస్తాను, అది ఎప్పుడో జరిగిపోయాక." ఆమె అతన్ని ఆ పెద్ద రాయి మీదే కూర్చోబెట్టి, నీళ్ళ బుర్ర చేతికిచ్చి, తండ్రి చెప్పింది చెప్పినట్టు చెప్పింది.

"జూన్," అన్నాడు చివరికి.

"అవును."

"పార లేదు."

"లేదు."

"ఆ తెలివితక్కువ మీ బాబుని..."

"తిట్టకు. ఎనభై దాటాయి."

లియాండ్రో గుట్టను కిందినుంచి పైదాకా చూశాడు. "ఆ అడుగున నల్లది, మూపురం ఉన్నది చూశావా? మన పెళ్ళయిన ఏడు పెట్టా. దాని పక్కది మా అమ్మ పోయిన ఏడు. మధ్యలో ఆ పచ్చ చారది ఎత్తేటప్పుడు నడుం పట్టేసి నెల రోజులు పడుకున్నా."

"గుర్తుంది. నేనే కాపడం పెట్టా."

"అంత పెద్దవి ఎందుకు పెట్టానంటావ్?"

"ఆయనకి ప్రీతి అని."

అతను ముక్కులోంచి శబ్దం చేశాడు. గుండె ఆగిందేమోనని డెల్ఫీనా భుజం పట్టుకుంది. ఆగలేదు, నవ్వొస్తోంది. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాడు. నవ్వు అయిపోయాక మాత్రం ఆ మొహం ఆమె చూడలేకపోయింది. ముప్పై ఏళ్ళూ ఒక్కసారే మీద పడ్డాయి.

"లే," అంది మెల్లగా. "పార తెచ్చా. కొత్త పిడి వేయించా. దిగువ పక్కనుంచి మొదలుపెడితే ఆయన ఎముకల జోలికి పోకుండానే..."

"ఆ చెక్క మీద ఏం రాసుందో చదువు."

"నాకు తెలీదా ఏం రాసుందో? మొన్నే సున్నం కొట్టా."

"చదవవే."

డెల్ఫీనా చదివింది. బంగారం కోసం సమాధిని ముట్టుకునేవాడు మనిషి కాడు.

"కింద ఎవరి పేరు?"

"నీదే. ఇంకెవరుంటారు అంత తొందరపడేవాళ్ళు?"

"ఇప్పుడు నేను తవ్వితే, ఆ జీపువాళ్ళని తరిమింది వాటా పోతుందని అవుతుంది. వాళ్ళు చెప్పింది కూడా నిజమేనని అవుతుంది. బూటులో కాదుగానీ, బూటు కింద."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఇల్లు కారుతోంది లియాండ్రో! వానొస్తే మంచం కింద గిన్నె, పొయ్యి పక్కన గిన్నె, మా నాన్న ఒళ్ళో గిన్నె. కాళ్ళ కింద ఇంత బంగారం పెట్టుకుని నువ్వు చెక్క మీద అక్షరాలు చూస్తున్నావా?"

"రేకులు నేను వేస్తాలే," అన్నాడు అతను. "ఇక ఇంట్లోనేగా ఉంటా."

ఆ ఒక్క మాట కోసం ఆమె ముప్పై ఏళ్ళు ఎదురుచూసింది. విన్న రోజున చర్చిలో నిలువెత్తు కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకుంది కూడా. తీరా వినేసరికి ఆ తెల్లరాయి తీసి అతని నెత్తిన కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ మనిషి బతికి ఉంటాడు. అది దొరికినప్పుడు రెండోది కూడా కావాలనడం తనకే బాగోలేదు.

అతను తెల్లరాయిని ఆమె చూపించిన సందులోకే తోశాడు. టోపీ తీశాడు. పెద్ద రాయి ఎత్తబోతే ఆమె రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ఆ సందుకు అడ్డంగా పెట్టారు.

లియాండ్రో కొండెక్కడం మానేశాడని తెలిసి ఊళ్ళో అందరూ జాలిపడ్డారు. పాపం దొరక్కుండానే మనసు విరిగిపోయిందన్నారు. అతను కొట్టం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పై ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకు గాడిదకు జీను ఎలా బిగించాలో చెబుతాడు, ఉత్తరం లోయ గురించి చెబుతాడు, చివర్లో సమాధి ఆచారం చెబుతాడు. "గులకరాళ్ళు పెట్టకండి బాబూ, ముసలాయనకి కోపం. ఇద్దరు కలిసి ఎత్తేది చూడండి." వాళ్ళు తలూపి వెళ్తారు. కొందరు తొందరలో కొట్టం వెనక మార్కేసా మీది గుట్టనే సమాధి అనుకుని, అక్కడే రాయి పెట్టి టోపీ తీసి సెలవు అడుగుతారు. డెల్ఫీనా వద్దనదు. ఆ గౌరవానికి అది తగినదే.

ఇంటి పైకప్పు పని కూడా మొదలైంది. అతను వేసిన రేకుల కింద ఇప్పుడు ఇంతకుముందు కారనిచోట కూడా కారుతోంది. ఒక మధ్యాహ్నం పైన కూర్చుని, నోట్లో మేకులు పెట్టుకుని కొడుతుంటే, కింద డెల్ఫీనా నిచ్చెన పట్టుకుని నిలబడింది.

"ముసలీ."

"ఏంటి? కింద పడతావా?"

"నేను పోయాక కలీచేలో గొయ్యి తవ్వించకు. డబ్బు దండగ. కనుమ దగ్గర తవ్వింది ఉందిగా, కాస్త సర్దితే ఇద్దరికి సరిపోతుంది."

ఆమె తల పైకెత్తింది. "సమాధి ముట్టుకోకూడదన్నావ్."

"బంగారం కోసం ముట్టుకోకూడదు. మనిషిని పెట్టడానికి తెరిస్తే తప్పేముంది? చెక్క మీద ఎలా రాసుందో గుర్తుతెచ్చుకో."

డెల్ఫీనాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ గనిలోకి దిగడానికి ఈ మనిషికి దొరికిన దారి ఇదన్నమాట.

"సరే," అంది, నిచ్చెన ఇంకా గట్టిగా పట్టుకుని. "కానీ పోతే చలికాలంలో పో, జూన్‌లో మాత్రం వద్దు. ఆ బండలన్నీ దింపాల్సింది నేను. అందులో పెద్దవన్నీ నువ్వెక్కించినవే."